రంగం ఎంత దూరం?

రేవు దాటిన ఊళ్లు – 9వ భాగం

"మా తాత రంగమెల్లి అక్కడే ఉండిపోనాడు."

చోడవరం నుంచి మాడుగుల వైపు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అన్న మాట ఇది. అన్న తీరు చూస్తే, తాత అనకాపల్లి సంతకెళ్లి, పొద్దుపోయిందని ఆ రాత్రికి చుట్టాలింట్లో ఆగిపోయాడేమో అనిపించింది. అందులో విచారం లేదు, వింత లేదు. "రంగం ఎంత దూరమమ్మా?" అని అడిగాను. కిటికీలోంచి చెరకు తోటల వైపు ఒకసారి చూసి, "ఓడ మీద నాలుగ్రోజులంట బాబూ" అంది.

ఆవిడ దూరాన్ని మైళ్లలో చెప్పలేదు, రోజుల్లో చెప్పింది. మన పల్లెల్లో దూరం ఎప్పుడూ అలాగే కదా. కూతవేటు దూరం, పూట ప్రయాణం, పొద్దు వాలేలోగా చేరే ఊరు. కిలోమీటరు రాళ్లు తర్వాత వచ్చాయి. ఈ వారం కథ ఆ నాలుగు రోజుల గురించి.

ముందు పేరు సంగతి. రంగం అంటే నాటకశాల కాదు, యుద్ధరంగమూ కాదు. రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఉత్తరాంధ్ర నోట్లో పడి మధ్యలో ఉన్న దీర్ఘం అరిగిపోయింది. రోజూ నోట్లో నలిగే ఊరి పేరే అలా అరుగుతుంది. ఎప్పుడో ఒకసారి వినే ఊరి పేరును ఎవరూ పొట్టి చేసుకోరు. లండన్‌కు మనం ముద్దుపేరు పెట్టలేదు, రంగూన్‌కు పెట్టాం. ఒక్క ఈ సంగతి చాలు, రాకపోకలు ఎంతగా ఉండేవో చెప్పడానికి.

చోడవరం అంటే కొందరికి గోదావరి ఏజెన్సీలోని రంపచోడవరం గుర్తొస్తుంది. నేను చెబుతున్నది అది కాదు. గోవాడ చక్కెర మిల్లు పక్కన ఉన్న చోడవరం, స్వయంభూ వినాయకుడి గుడి ఉన్న చోడవరం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, మన కథ జరిగిన రోజుల్లో అది మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఊరు. ఊరికి సముద్రం కనబడదు. రేవు లేదు, రైలు స్టేషను లేదు. అలాంటి ఊరి చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు బంగాళాఖాతం దాటి బర్మాకు పనికి వెళ్లడం ఒక కాలంలో మామూలు సంగతి.

గత భాగంలో కోరంగి రేవు కథ చెప్పుకున్నాం. తెరచాప ఓడలు నైరుతి గాలి పట్టుకుని బర్మా తీరానికి వెళ్లేవి, ఈశాన్య గాలి మొదలయ్యాక దాన్ని పట్టుకుని తిరిగి వచ్చేవి. 1839 నవంబరు తుపానుకు కోరంగి కోలుకోలేకపోయింది. రేవు పోయింది గానీ పేరు సముద్రం దాటి బతికింది. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. గోదావరి ముఖం ఎన్నడూ చూడని చోడవరం మనిషి కూడా రంగూన్ వీధిలో కోరంగీయే. ఆ పిలుపులో గౌరవం కన్నా చులకనే ఎక్కువ అన్నది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క చూద్దాం. విశాఖపట్నం, రంగూన్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర, రంగూన్ 16.8 దగ్గర. అంటే యారాడ కొండ మీద నిలబడి సూటిగా తూర్పుకు చూపు సారిస్తే, ఆ చూపు ఆగే చోటుకు కాస్త కుడివైపున రంగూన్. రేఖాంశాల్లో తేడా సుమారు 13 డిగ్రీలు. ఈ అక్షాంశం దగ్గర ఒక్కో డిగ్రీకి 106 కిలోమీటర్లు. గుణించి, అక్షాంశాల మధ్య ఉన్న ఆ కొద్ది తేడా కూడా కలిపితే 1,380 కిలోమీటర్లు తేలుతుంది. అవే 13 డిగ్రీల వల్ల రంగూన్‌లో పొద్దు పొడిచిన యాభై నిమిషాలకు గానీ మన తీరంలో పొద్దు పొడవదు. మన గడియారానికీ బర్మా గడియారానికీ తేడా సరిగ్గా గంట.

1,380 కిలోమీటర్లంటే ఎంత? విశాఖ నుంచి ఢిల్లీకి ఆకాశంలో గీత గీసినా 1,350 దగ్గర వస్తుంది. అంటే విశాఖ వాడికి రంగూన్, ఢిల్లీ ఒకే దూరం. ఢిల్లీకి విమానం రెండుంపావు గంటల్లో దిగుతోంది. రంగూన్‌కు ఎవరైనా నేరుగా విమానం నడిపితే అదీ అంతే పడుతుంది. చలికాలంలో పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు కాసేపు ముందే చేరవచ్చు, వచ్చేటప్పుడు ఆ గాలికి ఎదురీదాలి. మన పూర్వుల తెరచాపలకు పట్టిన గాలి లెక్కలే ఇంకో రూపంలో పైలట్లకూ తప్పవు.

అయితే ఓడకు ఆకాశపు గీత పనికిరాదు. రంగూన్ సముద్రం ఒడ్డున లేదు, నది ఒడ్డున ఉంది. ఐరావతి డెల్టా సముద్రంలోకి పొడుచుకుని వచ్చిన చోట దక్షిణంగా చుట్టి, మళ్లీ ఉత్తరానికి తిరిగి, నదిలోకి ప్రవేశించాలి. ఆ వంకర కలిపితే 1,500 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. పది నాట్లు, అంటే గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల వేగంతో నడిచే స్టీమరుకు ఎనభై గంటలు. మూడు పగళ్లు, మూడు రాత్రులు, ఆపైన కొంత. దారిలో ఇంకో రేవు తగిలితే నాలుగో రోజు. బస్సులో పెద్దావిడ లెక్క తప్పలేదు.

అసలు ప్రయాణం ఓడతో మొదలయ్యేది కాదు. చోడవరం నుంచి అనకాపల్లి పద్దెనిమిది కిలోమీటర్ల వరకూ ఉంటుంది. బెల్లం బళ్లు వెళ్లే దారి అది. బండి దొరికితే బండి, లేకపోతే కాళ్లు. 1893లో ఈ తీరానికి రైలు వచ్చింది. అంతకు ముందు పట్నం దాకా నడకే, లేదా భీమునిపట్నం దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు నడక. రైలు వచ్చాక అనకాపల్లిలో ఎక్కి వాల్తేరులో దిగితే చాలు. ఆ రోజుల్లో రైలును గాంధీగారు తిట్టారు, జనం దండం పెట్టి ఎక్కారు. ఇంటి నుంచి రేవుకు చేరడానికే రెండు మూడు రోజులు పట్టే మనిషికి అది ఒక పూట పనైపోయింది. రంగం దగ్గరవడం అనకాపల్లి స్టేషనులోనే మొదలైంది.

రేవు అన్నాను గానీ, 1933 దాకా విశాఖలో రేవు అనదగ్గది లేదు. ఓడ దూరంగా నీళ్లలో లంగరు వేసి నిలబడేది. ఒడ్డు నుంచి దాని దాకా మసూలా పడవల్లో తీసుకెళ్లేవారు. ఆ పడవలకు మేకులు ఉండవు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మన తీరంలో అల విరిగే జోరుకు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. తెలుగు పల్లెకారుల తెలివి అది. తీరం వెంట కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ ఇలా ఒక్కో చోట మనుషుల్ని ఎక్కించుకుంటూ ఓడలు తిరిగేవి. జీవితంలో మొదటిసారి సముద్రం చూసిన మనిషి, అదే రోజు దాని మీద కుట్టు పడవలో ఊగుతూ, తాడు నిచ్చెన పట్టుకుని ఇనుప గోడ లాంటి ఓడ ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. సముద్రం దాటితే కులం చెడుతుందన్న బెంగ ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఆ బెంగ పెట్టుకునే తీరిక లేనివాళ్లు ఓడెక్కారు.

ఓడ ఎవరిది? చాలావరకు ఒక్క కంపెనీదే: బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్. విలియం మెకిన్నన్ అనే స్కాట్లండ్ వ్యాపారి 1856లో కలకత్తాకూ బర్మాకూ మధ్య టపా చేరవేసే కాంట్రాక్టుతో మొదలుపెట్టిన సంస్థ. 1862లో ఈ పేరు పెట్టుకుంది. కంపెనీ మనకోసం పుణ్యానికి ఓడలు నడపలేదు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఐరావతి డెల్టాలో అడవి కొట్టి వరి వేశారు, ఆ బియ్యం ప్రపంచమంతా పారింది. కోయడానికి, మోయడానికి, మిల్లుల్లో ఆడించడానికి, ఓడలకెత్తడానికి చేతులు కావాలి. బర్మా రైతుకు సొంత పొలం ఉంది, పక్కనే బోలెడంత ఖాళీ నేల ఉంది. కూలికి ఎందుకు వస్తాడు? మన వైపు 1876–78 కరువు, 1896–97 కరువు, జమీందారీ శిస్తులు, పంచుకుని పంచుకుని గుంటలైపోయిన పొలాలు. అక్కడ చేతులు కావాలి, ఇక్కడ కడుపులు ఖాళీగా ఉన్నాయి. మధ్యలో ఉన్న నీటిని కంపెనీ సొమ్ము చేసుకుంది. మనుషుల్ని అటు మోసింది, బియ్యాన్ని ఇటు మోసింది. రెండు వైపులా ఓడ నిండుగానే నడిచింది.

కూలీలకు కట్టేది డెక్కు టిక్కెట్టు. డెక్కంటే పైన కప్పు, కింద పలకలు, నాలుగు పక్కలా గాలి. చాప పరుచుకున్నంత మేర మనది. పక్కవాడి చాప మన చాప మీదికి రాకుండా మూట అడ్డం పెట్టుకోవాలి. మూటలో చోడిపిండి, బెల్లం, ఎండుచేపలు. చోడవరం పక్క బెల్లం ఎంత దూరమైనా వస్తుంది, చెడదు. మొదటి రోజు సముద్రం పడక కక్కుకున్నవాళ్లు, రెండో రోజుకు సర్దుకుని కబుర్లలో పడేవాళ్లు. ఇదివరకు రెండుసార్లు వెళ్లొచ్చినవాడు ఆ డెక్కు మీద పెద్దమనిషి.

మూడో రోజు రాత్రి చీకట్లో ఒక దీపం కనబడేది. ఐరావతి డెల్టా కొసన, తీరానికి దూరంగా సముద్రం మధ్యలో అల్గ్వాడా అనే రాతి తిట్ట ఉంది. ఆటు వచ్చినప్పుడు తేలుతుంది, పోటు వస్తే మునుగుతుంది. దాని మీద నల్లరాతి దీపస్తంభం ఒకటి 1865లో కట్టారు. అలలు విరుచుకుపడే చోట, నీరు తీసిన కొద్ది గంటల్లో పని చేసుకుంటూ లేపిన కట్టడం. అలాంటి పనికి రాళ్లు మోసింది ఇంజనీర్లు కాదని వేరే చెప్పక్కర్లేదు. తెలుగు తీరం నుంచి బయల్దేరిన ఓడకు బర్మా పక్క కనబడే మొదటి గుర్తు ఆ దీపమే. ఆ పేరు ఒకసారి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

నాలుగో రోజు నీటి రంగు మారుతుంది. ఐరావతి బురద కలిసి సముద్రం ఎర్రబారుతుంది. ఓడ నదిలోకి మళ్లాక, ఊరు కనబడక ముందే ష్వేడగోన్ గోపురం కొస కనబడుతుంది. వంద మీటర్ల ఎత్తు కట్టడం, గుట్ట మీద ఉంది, పైగా బంగారు తాపడం. అది కనబడగానే డెక్కు మీద మూటలు సర్దుకోవడం మొదలయ్యేది. దిగాక మశూచి టీకా, ఆ తర్వాత మేస్త్రీ.

ఈ మేస్త్రీ గురించి కాస్త చెప్పాలి. మన ఊళ్లో ఇల్లు కట్టే మేస్త్రీ కాదు. ఊరికొచ్చి, బయానా చేతిలో పెట్టి, ఓడ టిక్కెట్టు కొనిచ్చి, అక్కడ పనిలో పెట్టి, ఆ అప్పు తీరేదాకా కూలిలో కోసుకునేవాడు. సాధారణంగా మన కులంవాడో, పక్క ఊరివాడో, వరసకు బావో మామో అయ్యేవాడు. చుట్టరికం ఉంది కాబట్టే నమ్మి వెళ్లారు, చుట్టరికం ఉంది కాబట్టే ఎదురు తిరగలేకపోయారు. ఇక్కడి కూలికి రెండు మూడు రెట్లు అక్కడ వస్తుందన్నది నిజమే. అందులో ఎంత చేతికి అందేదో మేస్త్రీ దయ. నా మట్టుకు నాకు, బర్మా కథలో ఓడ కంపెనీ కన్నా మేస్త్రీయే పెద్ద పాత్ర. కంపెనీ మోసింది నీటి మీదే. మేస్త్రీ చోడవరం పొలం గట్టు నుంచి రంగూన్ బియ్యం మిల్లు దాకా దారంతా మోశాడు.

చాలామంది అక్కడే ఉండిపోవాలని వెళ్లలేదు. ఇక్కడ ఖరీఫు పనులయ్యాక బయల్దేరి, అక్కడ కోతలకూ మిల్లుల కాలానికీ అందుకుని, మళ్లీ వానలకు ముందు ఇంటికి. 1920లలో ఏడాదికి మూడు నాలుగు లక్షల మంది భారతీయులు బర్మా రేవుల్లో దిగేవారు, ఎక్కేవాళ్లూ దాదాపు అంతే. బంగాళాఖాతం అప్పుడు సముద్రంలా లేదు, సంత దారిలా ఉంది. మిల్లుల్లో తెలుగువాళ్లు, రేవులో బస్తాలు మోసేది తెలుగువాళ్లు, రిక్షా లాగేది తెలుగువాళ్లు, మునిసిపాలిటీ పాకీ పని చేసేది తెలుగువాళ్లు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊరి జనం నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. "రంగూన్ రౌడీ" అనే నాటకం తెలుగు నాట ఊరూరా ఆడిందంటే, రంగూన్ అనగానే ప్రేక్షకుడికి ఎవరూ వివరించనక్కర్లేదు కాబట్టి.

వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. ఇళ్లల్లో మిగిలిన ఆడవాళ్ల కథ ఎవరూ రాయలేదు. మనియార్డరు వచ్చిన ఏడాది ఒక లెక్క, రాని ఏడాది ఇంకో లెక్క. పొలం దున్నించింది వాళ్లే, శిస్తు కట్టింది వాళ్లే, వడ్డీ వ్యాపారికి సమాధానం చెప్పింది వాళ్లే. భర్త రంగం నుంచి రాకపోతే ముత్తైదువో విధవో తేలని బతుకు బతికిందీ వాళ్లే. బస్సులో పెద్దావిడ తాత గురించి చెప్పింది గానీ, నాయనమ్మ ఏమైందో నేను అడగలేదు. తర్వాత చాలాసేపు అదే తప్పనిపించింది.

1933 సంవత్సరం ఈ దూరపు కథలో తమాషా సంవత్సరం. ఆ అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ కొత్త విశాఖ రేవులోకి ప్రవేశించింది. లోపలి రేవులోకి వచ్చిన మొదటి ఓడ అదే. ఇక మనుషులు మసూలా పడవలో తడవక్కర్లేదు, గట్టు మీంచే ఎక్కవచ్చు. సరిగ్గా ఆ ఏడాదే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తన విమాన మార్గాన్ని కలకత్తా నుంచి రంగూన్‌కు, డిసెంబరు నాటికి సింగపూర్‌కు పొడిగించింది. డచ్చివాళ్ల కేఎల్ఎం విమానాలు బటావియాకు వెళుతూ అప్పటికే రంగూన్‌లో దిగుతున్నాయి. ఇంపీరియల్ నడిపిన అటలాంటా రకం విమానంలో తొమ్మిది పది మందికి చోటు. గంటకు రెండు వందల కిలోమీటర్లు. కలకత్తాలో పొద్దున ఎక్కితే అక్యాబ్‌లో ఆగి, మధ్యాహ్నానికి రంగూన్. స్టీమరుకు మూడు రోజులు పట్టే దారి ఒక్క పూట అయిపోయింది, దొరగారికి. తెలుగు తీరానికి ఆ గీత తగలనేలేదు. బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర మంది ఉన్నారు, విమానంలో సీట్లు పది ఉన్నాయి. ఏ గీత ఎక్కడ నుంచి గీయాలో నిర్ణయించింది ఎక్కే జనం కాదు, టపా సంచులూ అధికారులూ.

దారి అంత దగ్గరైన రోజుల్లోనే మనుషులు దూరమయ్యారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీల్ని తెచ్చి పని నడిపించారు. సమ్మె తీరాక కోరంగీల్ని మళ్లీ పిలిచి, బర్మావాళ్లను పొమ్మన్నారు. రెండు ఆకలి కడుపుల్ని ఎదురెదురుగా నిలబెట్టి యజమాని పక్కకు తప్పుకున్నాడు. మే 26న మొదలైన కొట్లాటల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువ మంది తెలుగువాళ్లే. వేలమంది దొరికిన ఓడ పట్టుకుని ఇంటికొచ్చేశారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి పాలనలో విడిపోయింది. అంతవరకు మద్రాసుకు వెళ్లినట్టు వెళ్లిన ఊరు ఒక్క రోజులో పరదేశం అయింది. 1938లో మళ్లీ అల్లర్లు. 1941లో వలసలకు కళ్లెం వేసే ఒప్పందం. సముద్రం వెడల్పు ఒక్క అంగుళం మారలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు పారిపోయారు. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి పోయింది. ఓడలు ఆగిపోయాక, సుమారు ఐదు లక్షల మంది కొండలూ అడవులూ దాటుకుంటూ అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి వచ్చారు. విమానాల్లో వచ్చినవాళ్లు కొద్ది వేలు, ఆ సీట్లు ఎవరికి ముందు దక్కాయో చెప్పక్కర్లేదు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరూ కచ్చితంగా కట్టలేదు. నాలుగు రోజుల దూరం నెలల దూరమైంది. ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖ, కాకినాడల మీద కూడా పడ్డాయి. అంటే రంగూన్‌లో బాంబుకు బెదిరి నడిచి ఇంటికి చేరినవాడి నెత్తి మీదికే మళ్లీ బాంబు వచ్చింది. ఈ నడక కథకు ఒక భాగమంతా కావాలి, వచ్చే వారం అదే.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్లారు. 1962లో నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, పెద్ద నోట్లు రద్దు చేశాడు. లక్షకు పైగా భారతీయులు, తరతరాలుగా అక్కడే పుట్టినవాళ్లు, కట్టుబట్టలతో ఓడలెక్కారు. కూడబెట్టింది అక్కడే వదిలేశారు. విశాఖలో దిగినవాళ్లకు కంచరపాలెం పక్కన నీడ దొరికింది. ఇవాళ్టికీ అక్కడి బస్టాపు పేరు బర్మా క్యాంపు. ఆటోవాళ్లు రోజుకు వందసార్లు ఆ పేరు అరుస్తారు.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తాను. విశాఖ నుంచి సింగపూర్‌కు 2011లో సిల్క్ ఎయిర్ నేరుగా విమానం వేసింది. దూరం 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. 2024లో ఎయిర్ ఏషియా బ్యాంకాక్‌కు నేరుగా మొదలుపెట్టింది. 1,900 కిలోమీటర్లు, మూడు గంటల లోపే. సింగపూర్‌లో సగం దూరం కూడా లేని రంగూన్‌కు మాత్రం విశాఖ నుంచి నేరుగా విమానం లేదు. వెళ్లాలంటే ఇటు కోల్‌కతా చుట్టో, అటు బ్యాంకాక్ దాకా పోయి వెనక్కి తిరిగో వెళ్లాలి. ఆగడాలన్నీ కలిపితే ఒక రోజు గడిచిపోతుంది. టిక్కెట్టు, వీసా, అక్కడి కల్లోలం వేరే. బెల్లం మూటతో అనకాపల్లిలో రైలెక్కిన మనిషి ఇవేమీ లేకుండా వారం తిరిగేలోగా అక్కడ పనిలో ఉండేవాడు. వెళ్లడం తేలిక, బతకడం కష్టం అప్పుడు. ఇప్పుడు వెళ్లడమే కష్టం.

పటం తీసి విశాఖ నుంచి బ్యాంకాక్‌కు దారం పట్టి లాగండి. ఆ దారం ఐరావతి డెల్టా కొసన, అల్గ్వాడా దీపస్తంభానికి కాస్త పక్కగా వెళుతుంది. మీరు విశాఖలో ఆ విమానం ఎక్కితే, రెండు గంటలు కాకముందే ఎడమ వైపు కిటికీలో, మబ్బు లేకపోతే, కింద సముద్రం ఎర్రబారిన చోటు కనబడవచ్చు. రంగం దగ్గరైందని మన తాతలకు తెలిసిన చోటు అది.

చోడవరం, మాడుగుల, బుచ్చయ్యపేట, రావికమతం పక్క చదువరులకు ఒక మనవి. మీ ఇంటి అటక మీద రంగం నుంచి వచ్చిన ట్రంకు పెట్టె గానీ, ఓడ టిక్కెట్టు ముక్క గానీ, టీకా చీటీ గానీ, అక్కడి ముద్ర ఉన్న మనియార్డరు రసీదు గానీ ఉంటే చెత్తలో వేయకండి, ఒక ఫోటో తీసి పత్రికకు పంపండి. ఇంట్లో ఎనభై దాటిన నాయనమ్మ ఉంటే ముందు ఆవిడను అడగండి, కాగితాల సంగతి తర్వాత చూద్దాం.